పూజలో పెట్టిన గిటారు

మా అక్క వీణ వాయించి ఉంటే పదిమంది వచ్చి వద్దని చెప్పేవాళ్ళు. హార్మోనియమైనా అంతే. భర్త పోయి పుట్టింటికి వచ్చిన పిల్ల ఏమేం చెయ్యకూడదో మా వీధిలో అందరికీ కంఠతా వచ్చు. గిటారు సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. దాన్ని అలాంటి పిల్ల ముట్టుకోవచ్చో లేదో చెప్పగల పెద్దమనిషి అరవదేశంలో ఉన్న మా రాజపాళయం మొత్తంలో ఒక్కరూ లేరు. అందుకని అక్క వాయించుకుంది.

యుద్ధం మొదలైన కొత్తల్లో కొండమీది తేయాకు తోటలో ఉండే ఒక దొరసాని సామానంతా అమ్ముకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. నాయన అక్కడికి వెళ్ళింది ఇనప్పెట్టె కొందామని. తిరిగొచ్చిన బండిలో ఇనప్పెట్టె లేదు, గిటారు ఉంది.

"పెట్టెకని పోయి ఈ కట్టెను ఎత్తుకొని వచ్చినారే, దీంట్లో ఏమి పెట్టి పూట్టేది?" అంది అమ్మ. పూట్టడమంటే మా వాళ్ళ మాటలో తాళం వెయ్యడం.

నాయన గిటారు తీసుకెళ్ళి అక్క ఒళ్ళో పెట్టాడు. ఇంటికి వచ్చినప్పటినుంచీ అక్క ఎవరితోనూ నిండుగా నాలుగు మాటలు మాట్లాడింది లేదు.

నేర్పేవాళ్ళు ఎవరున్నారు? తన గొంతు ఎక్కడ పలికితే అక్కడికి తీగ బిగించుకుంది. తీగ తెగితే నాయన మధురనుంచి వీణ తీగ తెచ్చేవాడు. చావడిలో పాడే భజన పాటలూ, అమ్మ ఊయల పాటలూ అన్నీ అందులోకి వచ్చి చేరాయి. సాయంత్రం వెనక వసారాలో అక్క వాయిస్తుంటే నేను పక్కనే కూర్చుని పత్తి గింజ తీసేదాన్ని. ఇప్పుడు ముసలిదాన్నయ్యాను, ఎన్నో కచేరీలు విన్నాను, మనవలు తెచ్చిన రేడియోలు విన్నాను. ఆ వసారా మళ్ళీ కావాలని ఉంటుంది నాకు. అది తప్ప ఇంకేమీ కావాలని లేదు.

వరుసగా వానలు మొహం చాటేశాయి. సత్రపట్టి దారిలో ఉన్న మా తోట బావి అడుగు కనిపించింది. మోటకు బురద తప్ప నీళ్ళు రావడం లేదు. మొలిచిన పత్తి తలలు వాల్చేసింది. బావిని ఇంకా లోతుకు తవ్వాలంటే రాయి అడ్డం. రాతికి మందుపెట్టి పేల్చేవాళ్ళు సేత్తూరులో ఉన్నారు గానీ కూలి ముందే చేతిలో పెట్టాలి. అప్పు పుట్టే గుమ్మాలన్నీ నాయన అప్పటికే తొక్కేశాడు. అమ్మ చేతి గాజులు పోయాయి. ఇంక ఇంట్లో నాలుగు డబ్బులు తెచ్చే వస్తువు గిటారొక్కటే.

అప్పుడే ఊళ్ళో నాటక కంపెనీ దిగింది. అందులో హార్మోనియం వాయించే ఆయన మా వీధిలో పోతూ అక్క వాయించేది విని, గిటారు అమ్ముతారా అని అడుగుతూ వచ్చాడు. ఆయన చెప్పిన వెలతో రాయి పేల్చే కూలి గడిచిపోతుంది.

"పాప సొత్తు అది. పాప చెప్పాలి," అన్నాడు నాయన.

అక్క లోపలికి వెళ్ళిపోయింది. నాకు ముక్కు మీదే కోపం. "ఏమిటికి అమ్మాల? పత్తి మళ్ళా విత్తుకోవచ్చు, దీన్ని విత్తుకోలేము కదా!" అని వసారాలో నిలబడి అరిచాను. అమ్మ నా నోరు మూయించింది.

కంపెనీ ఆయన మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. వాళ్ళ కంపెనీ ఊరు మారే రోజు దగ్గరపడింది. సరస్వతి పూజనాడు ఆయన మళ్ళీ వచ్చాడు. నాయన లోపలికి వెళ్ళి గిటారు తీసి, కొడవలి, త్రాసు, అమ్మ కత్తిపీట, నా బడి పుస్తకాల పక్కన పూజలో పెట్టి, గంధం బొట్టు కూడా పెట్టేశాడు. బయటికొచ్చి, "పూజలో పెట్టింది ఈ దినం తియ్యరాదు. రేపు పొద్దున సొందక్కారి ఎత్తి వాయించినంక అప్పురం మాట్లాడుదాము," అని ఆయనకి అరవంలో చెప్పి పంపేశాడు. సొందక్కారి అంటే అది తనదైన మనిషి, అప్పురం అంటే తర్వాత. ఒక రోజు దక్కిందని సంబరపడుతూ వచ్చి భోజనానికి కూర్చున్నాడు.

అవ్వ, అంటే నాయన తల్లి, విస్తరి దగ్గరనుంచి తలెత్తి చూసింది.

"ఎత్తేది ఎవరురా?"

అప్పుడు అర్థమైంది నాయనకి, తానేం చేశాడో. మా ఇంట్లో పూజలో పెట్టిన వస్తువును విజయదశమి పొద్దున అది ఎవరిదో వాళ్ళే తీసుకుని, పూజగదిలోనే దాంతో కొంచెం పని చెయ్యాలి. అమ్మ ఒక వంకాయ తరుగుతుంది, నేను ఒక పేజీ చదువుతాను. వేరేవాళ్ళ చేత తీయిస్తే ఆ ఏడంతా ఆ పని సాగదని నమ్మకం. కానీ పండగ పొద్దున అక్క పూజగది గడప తొక్కేది కాదు. ఎవరూ తొక్కనిచ్చేవాళ్ళూ కారు. అందుకే అంతకుముందు ఏ ఏడూ గిటారు పూజకెక్కలేదు.

"చిన్నదాని చేత ఎత్తిస్తే పోదుం," అంది అవ్వ నన్ను చూపించి. పోదుం అంటే చాలని.

"నాది కాదు. నేను ఎత్తను," అన్నాను.

తెల్లవారింది. అందరం స్నానాలు చేసి పూజగది ముందు నిలబడ్డాం. నాయన కొడవలి తీసుకున్నాడు, అమ్మ కత్తిపీట తీసుకుంది. తర్వాత నాయన వెనక్కి తిరిగి, "రా తాయీ, నీది ఎత్తుకో," అన్నాడు. అవ్వ నోరు తెరిచింది గానీ, కొడుకు మొహం చూసి మూసుకుంది.

అక్క వచ్చింది. దీపం ముందు కూర్చుని గిటారు ఒళ్ళో పెట్టుకుంది. ఒక్క మీటు మీటితే సరిపోయేది. ఆమె ఆపలేదు. తనకి వచ్చినవన్నీ వాయించింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పొయ్యిమీద పప్పు మాడిన వాసన వచ్చినా ఎవరూ కదల్లేదు. కంపెనీ ఆయన ఎప్పుడొచ్చాడో, చెప్పులు విడిచి వాకిట్లో నిలబడి ఉన్నాడు.

అక్క వాయించడం ముగించి నాయనని అడిగింది. "తవ్వితే నీళ్ళు పడునా?"

"తెలీదు తాయీ."

"సరి. ఇచ్చేయండి."

నేను గిటారు మెడ పట్టుకుని వదల్లేదు. అక్క నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. "దీన్ని చూసినప్పుడెల్లాము పత్తి ఎండినది తలపుకు వచ్చును. అట్ల వాయించేది నా చేత కాదు," అంది. కోపంగా అనలేదు. తనే లేచి వాకిట్లోకి వెళ్ళి ఆయన చేతిలో పెట్టింది.

నీళ్ళు పడ్డాయి, తియ్యటి నీళ్ళు. పత్తి నిలబడింది. తోట దక్కించుకున్నాడని ఊరంతా నాయనని మెచ్చుకుంది. నేను మాత్రం చాన్నాళ్ళు ఆ బావి నీళ్ళు తాగనని మొండికేశాను, దాహం వేస్తే పక్క తోటకి పోయి తాగొచ్చేదాన్ని.

అక్కకి మళ్ళీ మాటలు తగ్గిపోయాయి. పత్తి గింజ తీస్తూ తీస్తూ ఆగి, ఎడమచేతి వేళ్ళ కొసల్ని బొటనవేలితో నొక్కి చూసుకునేది. తీగలు ఒత్తి ఒత్తి అక్కడ కాయలు కాచి ఉండేవి. అప్పుడప్పుడు నా బుగ్గకు ఆనించి, "ఇంకా గెట్టిగానే ఉండాయి కదా?" అని అడిగేది. ఆమా, అంటే అవును, అనేదాన్ని. బావి చేద తాడుతో ఆమె అరచేతులు గట్టిపడుతూ వచ్చాయి గానీ, తాడు వేళ్ళ కొసలకు తగలదు.

పొంగలికి ఇళ్ళకు సున్నం వేసే రోజుల్లో ఒక సాయంత్రం మళ్ళీ అలాగే నా బుగ్గమీద వేళ్ళు పెట్టింది. చంటిపిల్ల వేళ్ళలా మెత్తగా ఉన్నాయి. గట్టిగానే ఉన్నాయని చెప్పాను. అక్క చెయ్యి తీసేసుకుంది. తర్వాత ఎప్పుడూ అడగలేదు.