పెళ్ళిలో నేనెత్తిన కీర్తన

మా చర్చిలో ఆదివారం కీర్తన ఎత్తే పని నా దగ్గర నుంచి తీసేశారు. తీసేసినట్టు నాకు చెప్పలేదు. సంఘమంతటికీ తెలుసు, నాకు తప్ప.

కీర్తన ఎత్తడమంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. సికింద్రాబాద్‌లో మా తెలుగు సంఘంలో మొదటి పాదం ఒక్కరే అందుకోవాలి. తరువాత హార్మోనియం, దాని వెనక సంఘమంతా. మా నాన్న తరువాత ఆ పని నాదే. నేను బడిలో చదివింది ఐదో తరగతి. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేస్తూ ఇంగ్లీషూ రాగాలూ సొంతంగా నేర్చుకున్నాను. ఎవరి బాప్తిస్మానికి ఏ కీర్తన పాడామో ఇప్పటికీ చెప్పగలను.

తేడా బయటపడింది దేవదాసు కూతురి పెళ్ళిలో. దేవదాసు మా సంఘ కార్యదర్శి. నాకు తమ్ముడి లాంటివాడు, రాగాలన్నీ నా పక్కన కూర్చుని నేర్చినవాడు. పెళ్ళికూతురు గుమ్మంలోకి వచ్చింది. పాస్టరు అయ్యగారు నావైపు తల ఊపారు. నేను భూస్థాపన కీర్తన ఎత్తాను. సమాధిలో మట్టి వేసేటప్పుడు పాడేది. హార్మోనియం అందుకుంది, సంఘమూ అందుకుంది. అలవాటు అలాంటిది. పెళ్ళికొడుకు తరఫు ముసలావిడ ఒకరు ఏడుపు అందుకున్నాక గాని అయ్యగారు ఆపమని చెయ్యెత్తలేదు. ఏం తప్పు జరిగిందో ఇంటికొచ్చి రూతు చెబితేగాని నాకు తెలియలేదు.

రూతు నా కూతురు. నేరేడ్‌మెట్‌లో తన దగ్గరే ఉంటాను. ఆ వారమే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది. బీ ట్వెల్వ్, థైరాయిడ్, తరువాత ఎమ్మారై. మెమరీ టెస్టు అని ఒకటి పెట్టారు. 'వరల్డ్' స్పెల్లింగు వెనకనుంచి చెప్పమంది ఒక అమ్మాయి. ముందునుంచి నేర్చుకునేసరికే నాకు ముప్పై ఏళ్ళొచ్చాయి, వెనకనుంచి మీ ఇంట్లో ఎవరు పలుకుతారమ్మా అన్నాను. ఆమె నవ్వింది. మార్కు మాత్రం వెయ్యలేదు.

డాక్టర్ రిపోర్టు రూతుకు చూపించాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. "అల్జీమర్స్, ఎర్లీ స్టేజ్. మెదడులో జ్ఞాపకాలు చూసే హిప్పోక్యాంపస్ ష్రింక్ అయింది. క్యూర్ లేదమ్మా, స్లో చేద్దాం. ఆయన్ని హ్యాపీగా ఉంచండి" అన్నాడు. ఉంచడానికి నేనేమన్నా పూలకుండీనా అని అడిగాను. అప్పుడు నావైపు తిరిగాడు. "మీరు ఫుల్ లైఫ్ లీడ్ చెయ్యొచ్చు సార్. మీకిష్టమైన పని మానొద్దు."

ఆ మాట పట్టుకుని ఆదివారం తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్ళాను. ముందు వరుసలో నా చోట నిలబడి గొంతు సవరించుకున్నాను. వెనకనుంచి దేవదాసు ఎత్తేశాడు. సరైన కీర్తనే. శ్రుతి కాస్త తక్కువ. తరువాతి ఆదివారమూ అంతే. అయ్యగారిని అడిగితే, రెస్ట్ తీసుకోండి తాతగారూ, ప్రభువు మీ పాట వింటూనే ఉన్నాడన్నారు. ప్రభువు సంగతి నేనడగలేదు. దేవదాసేమో ఆరాధన అయిందంటే చాలు, నన్ను చూసి చెప్పుల దగ్గరికి పరుగు.

డొనెపెజిల్ అనే టాబ్లెట్ మొదలుపెట్టారు. వాంతులు పట్టుకున్నాయి, అన్నం సయించలేదు. డోసు తగ్గించారు, చివరికి వీపుకు అంటించే ప్యాచ్‌కు మార్చారు. కాస్త కుదుటపడ్డాననుకున్నాను. ఒక ఆదివారం చర్చికని ఒక్కణ్ణే ఆటో ఎక్కి, బన్సీలాల్‌పేట్ అని చెప్పాను. అక్కడి పాత ఇల్లు మేము వదిలేసి ఏళ్ళయింది. మెట్లబావి దగ్గర దిగి, మా సందు ఎటో తెలియక అక్కడే కూలబడ్డాను. ఆటో అతను వదిలి వెళ్ళకుండా నా ఫోన్ తీసుకుని రూతుకు చేశాడు. "అమ్మా, పెద్దాయన పరేషాన్ అయితుండు. గీడనే కూసున్నం, జెర జల్ది రాండ్రి." ఆ తరువాత నన్ను ఒంటరిగా గేటు దాటనివ్వడం లేదు.

ఇప్పుడు పొద్దున్నే రూతు దోసెలు పోస్తుంటే వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని పాడతాను. చరణాలన్నీ వస్తున్నాయి. ఏ పూటకు ఏది పాడాలో, అదే పోయింది. పాట కూడా పోతుందా అని పోయినసారి డాక్టర్ని అడిగాను. "చివర్లో సార్" అన్నాడు. ఫుల్ లైఫ్ అన్న మాట మళ్ళీ అనలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు. ఆ మాట మీద నాకు నమ్మకం పోయింది. పాడడం మానలేదు, అంతే.

నాలాంటివాళ్ళకు ఒక్కటే చెబుతాను. మీ గురించిన మాట మీకే చెప్పించుకోండి. డాక్టర్ రిపోర్టు తీసినప్పుడు మీ కుర్చీ ఆయనకు ఎదురుగా జరుపుకోండి. నాకే చెప్పండి, మర్చిపోతే మళ్ళీ అడుగుతాను అనండి. చుట్టూ ఉన్నవాళ్ళనైనా అంతే, వాళ్ళు తలొంచుకుంటే మీరు ఇంటికెళ్ళి అడగండి.

నేనలాగే మొన్న రూతును తోడు తీసుకుని దేవదాసు ఇంటికి వెళ్ళాను. టీ ఇచ్చాడు. తాగలేదు. జబ్బువాడినని తీసేశారా, ముఖం మీద చెప్పమన్నాను. మీగడ కట్టిన నా టీ కప్పు పక్కకు జరిపాడు. తరువాత అన్నాడు:

"జబ్బని కాదన్నా. ఆ రోజు మీరెత్తింది భూస్థాపన కీర్తనని మొదటి ముక్కకే తెలిసింది నాకు. తెలిసీ నా కూతురి పెళ్ళిలో పల్లవంతా పాడాను. మీరెత్తితే ఆగడం మాకు రాదు. అందుకే తీసేశాం."