సున్నా కూడా చిరునామానే

పోయిన నెల నా భార్య నంద్యాల ఆసుపత్రిలో చనిపోయింది. జ్వరమని చేర్చాం. ఇంటికి తెచ్చుకోలేకపోయాం.

ఆమె లింకర్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసే జట్టులో ఇంటి నుంచే పనిచేసేది. ఎప్పుడూ విసుక్కునేది. మనుషుల మీద కాదు, సున్నా మీద. మనం రాసిన ప్రోగ్రామును కంపైలర్ యంత్రభాషలోకి మార్చి ముక్కలుగా ఇస్తుంది. ఏ ముక్క చివరికి ఎక్కడుంటుందో దానికి తెలియదు కాబట్టి, చిరునామా రాయాల్సిన చోట ఖాళీ వదిలి గుర్తు పెడుతుంది. ఆ గుర్తే రీలొకేషన్. లింకర్ ముక్కలను కలిపి ఖాళీలు నింపుతుంది, ఎవరూ వాడని ఫంక్షన్లను తీసేస్తుంది. కానీ తప్పులు వెతకడానికి ఉంచే డీబగ్ సమాచారంలో వాటి పేర్లు మిగిలిపోతాయి. పేరు పక్కన ఏం రాయాలి? కొన్ని లింకర్లు సున్నా రాసేవి. చిన్న సర్క్యూట్ బోర్డుల్లో సున్నా చిరునామా దగ్గర నిజంగానే కోడ్ ఉంటుంది. తప్పులు వెతికే డీబగ్గర్ అక్కడికి పోయి, లేని ఫంక్షన్‌ను ఉందని చూపిస్తుంది.

"లేనిదానికి ఉండే చోటు చూపిస్తే ఎట్లప్పా? ఏ కోడూ ఉండలేని పెద్ద అంకె రాయాల. చూడంగానే లేదని తెలియాల," అనేది. ఈలోగా కాఫీ చల్లారేది. వేడిచేసి ఇస్తే దాన్నీ చల్లార్చేది.

ఆదివారం ఆళ్లగడ్డకు మా అమ్మను చూడబోతే బస్సులోనూ ఇదే గోల. ఒకసారి శిరివెళ్లలో ఎక్కిన పెద్దాయన కాసేపు విని, పోస్టాఫీసులో పనామ్మా అని అడిగాడు. "అట్లాంటిదేనన్నా. ఊరొదిలి పోయినోళ్ల జాబులన్నీ నా నెత్తినే," అంది.

అమ్మ గుండె బలహీనం. అందుకని ఆమెతో ఉండే నా చెల్లెలు చావు మాట దాచి, కోడలు శ్రీశైలం యాత్రకు వెళ్లిందని చెప్పింది. నన్నూ అదే చెప్పమంది. శ్రీశైలం నిజంగా ఉన్న ఊరు. అదే చిక్కు. పోయొచ్చిన వాళ్లందరినీ అమ్మ మా కోడలు కనబడిందా అని అడగసాగింది. మొహమాటానికి ఒకాయన కనబడిందన్నాడు.

నేను ఆళ్లగడ్డ చేరేసరికి అమ్మ కోడలికని సంగటి ముద్ద మూతపెట్టి ఉంచింది. చెల్లెలు కళ్లతోనే వద్దంది. నాకు ఇక చాలనిపించింది.

"కోడలు ఇంక యాడా లేదుమ్మా. చనిపోయింది."

అమ్మ నా మొహం చూసింది. "శ్రీశైలంలోనా?"

"కాదుమ్మా. నంద్యాలలోనే."

"ఇన్ని దినాలూ నన్ను ఏడ్చనీకుండా పెట్టినారు కదప్పా," అంది.

గోడ పట్టుకుని లేచింది. మూత తీసి, ఆ ముద్దను నా పళ్లెంలో పెట్టి, ఎదురుగా కూర్చుంది. సంగటి గట్టిపడి ఉంది. వేళ్లతో నొక్కి నొక్కి తుంచాల్సి వచ్చింది.