క్వారీలో పసుపు మరకలు

ఆ రోజుల్లో నాకు వేళ్ళంటే పెద్ద గౌరవం ఉండేది కాదు. డ్రిల్లు బిట్టు అరుగుతుంది, హాక్సా బ్లేడు విరుగుతుంది, వేలు చితుకుతుంది, మూడూ పనిలో భాగమే అనుకునేవాణ్ణి. బ్లేడు విరిగితే బజారుకు పరుగెత్తాలి, వేలైతే దానంతటదే బాగవుతుంది కాబట్టి మూడింట్లో వేలికే తక్కువ మర్యాద. ఎనిమిదో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ ఒక ఒప్పందం కుదిరి (ఆయన రావద్దన్నారు, నేను సరేనన్నాను) తాడిపత్రిలో ఒక లారీ షెడ్డులో చేరాను. నల్లరాయి మోసే లారీలన్నీ బాగుచేతకు అక్కడికే వచ్చేవి. ఆ షెడ్డు మేస్త్రి నాకు చెప్పిన మొదటి పాఠంలో ఇంజను ఊసే లేదు. "సుత్తికి భయపడేటోడు మెకానిక్కు కాడురా. పోయి పూలంగడి పెట్టుకో" అన్నాడు. పూలు కట్టడం రాదు గనక నేను సుత్తికి భయపడడం మానేశాను.

అలాంటివాణ్ణి ఆస్ట్రేలియా ఎలా వచ్చావయ్యా అంటే, మా ఆవిడ నర్సు. ఆమె చదువుకు వీసా వచ్చింది, ఆ వీసాలో ఓ మూల నేనూ ఉన్నాను. పెర్త్‌లో కానింగ్ వేల్‌లో ఇల్లు తీసుకున్నాం. చుట్టుపక్కల మనవాళ్ళంతా కంప్యూటర్ల మనుషులు. శనివారం విందుల్లో ఎవరైనా "మీరు ఏ టెక్నాలజీ అండీ?" అని అడిగితే "హైడ్రాలిక్స్" అనేవాణ్ణి. అదేదో కొత్తగా వచ్చిందనుకుని గౌరవంగా తలలూపేవాళ్ళు. నిజానికి నాకు దొరికింది కొండల అవతల ఒక కంకర క్వారీలో, యంత్రాలు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టర్లకు సహాయకుడి పని. మూడు నెలలు ప్రొబేషను. ఆలోపు నచ్చకపోతే ఒక్క మాటతో ఇంటికి పంపెయ్యొచ్చు. దేశం మారాక, ఆవిడ జీతం మీద ఏడాదిన్నర కూర్చుని తిన్నాక దొరికిన మొదటి అసలైన పని అది. పడుకునే ముందు కూడా ఆ పని ఉందా, పోయిందా అని ఒకసారి తడిమి చూసుకునేవాణ్ణి.

క్వారీలో నన్ను మొదట ఆశ్చర్యపరిచింది గోడల మీది బొమ్మలు. నేను ఊహించుకున్న ప్రమాదాలు వేరు. రోజూ మందుగుండు పేలుస్తారు, మేడంత డంపర్లు తిరుగుతాయి, బండల్ని మరమరాల్లా నమిలే క్రషరుంది. వర్క్‌షాపు గోడల మీద మాత్రం వీటిలో ఒక్కటీ లేదు. సుత్తి, స్పానరు, కత్తి, ఉలి, వాటి పక్కన కట్టు కట్టిన చేతులు. నాకు భలే సందేహం వచ్చింది. మేడంత డంపరు ఊరకే ఉంటే, దాని చక్రం బోల్టు విప్పే మూరెడు స్పానరా మనుషుల్ని కరిచేది? ఈ సంగతి ఫిజీ అంకుల్‌ని అడిగాను. ఆయన అక్కడ అందరికన్నా పాత ఫిట్టరు. ముత్తాతల కాలంలో మనవాళ్ళే, ఫిజీలో పుట్టి పెరిగి, అక్కడ గొడవలయ్యాక ఇటు వచ్చేసిన మనిషి. ఆయన తెలుగంతా వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్నది, అందుచేత అందులో సగం తిండి మాటలు, సగం తిట్లు.

"డంపర్ చూస్తే నీకు భయమా, లేదా?" అన్నాడు.

"భయమే అంకుల్."

"స్పానర్ చూస్తే?"

"స్పానర్‌కు భయమేంది అంకుల్!"

"అదే, గాడిద. దట్స్ ద ప్రాబ్లం" అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

వర్క్‌షాపు గుమ్మం పక్కన ఒక తెల్ల బోర్డు ఉండేది. ఎవరికీ దెబ్బ తగలకుండా ఎన్ని రోజులు గడిచాయో రోజూ పొద్దున దాని మీద రాసేవాళ్ళు. రెండు వందలు నిండిన రోజు క్వారీ మొత్తానికి బార్బీ, అంటే మైదానంలో పొయ్యిలు పెట్టి మాంసం కాల్చుకుని తినే పండగ. ఆ లెక్క రాసేది సేఫ్టీ ఆఫీసరమ్మ. పొట్టిగా, చురుగ్గా, చంకలో రాసుకునే అట్టతో తిరిగేది. ఆమెకు నేను పెట్టుకున్న పేరు ఎందుకమ్మ. నిచ్చెన అక్కడెందుకుంది, అది అవతల ఎందుకు లేదు, ఆ బూటు లేసు ఎందుకు ఊడింది అని అడిగేది. జవాబు చెబితే, ఆ జవాబుకు ఇంకో ఎందుకు. ఒక్కో విషయానికి ఐదు ఎందుకులు వేస్తేగాని అసలు కారణం బయటపడదని ఆమె నమ్మకం. (మా లెక్కల అయ్యవారు ఒక్క ఎందుకుకే అలసిపోయేవారు.)

నా ప్రొబేషను ఇంకో వారంలో ముగుస్తుందనగా, ఒక మంగళవారం, బోర్డు మీద నూట తొంభై ఎనిమిది ఉన్న రోజున, కంకర ఎత్తిపోసే లోడరు బొక్కెన బోల్టు ఒకటి బిగుసుకుపోయింది. అలాంటిదానికి సుత్తితో కొట్టి తిప్పే లావుపాటి స్పానరు వాడతాం. దాన్ని చేత్తో పట్టుకోకూడదనీ, పొడుగాటి పిడి తగిలించి దూరం నుంచే పట్టుకోవాలనీ అక్కడి కట్టడి. ఆ పిడి తేవడానికి ఫిజీ అంకుల్ లోపలికి వెళ్ళాడు. "నేనొచ్చేదాకా ముట్టుకోకు" అని మరీ చెప్పి వెళ్ళాడు. ఇంత చిన్న బోల్టుకు అంత తతంగమెందుకు, ఆయన తిరిగొచ్చేసరికి విప్పి చేతిలో పెడితే ఎంత మురిసిపోతాడో అనిపించింది నాకు. ఎడమచేత్తో స్పానరు పట్టుకుని, కుడిచేత్తో సుత్తి ఎత్తి, తాడిపత్రి లెవల్లో ఒక్కటిచ్చాను. బోల్టు కదల్లేదు. స్పానరు జారింది. సుత్తికీ స్పానరుకూ మధ్య నా చూపుడువేలు ఉండిపోయింది.

కేక గొంతుదాకా వచ్చింది. ఆ క్షణంలోనే బోర్డు, బార్బీ, ప్రొబేషను, మా ఆవిడ ముఖం అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఆ కేకను అట్లాగే దగ్గుగా మార్చేశాను.

"ఏమైందిరా?" అంటూ పిడితో వచ్చాడు అంకుల్.

"దుమ్ము అంకుల్."

"కళ్ళల్లో నీళ్ళు?"

"బో దుమ్ము అంకుల్."

ఇంటికి పోయి వంటింట్లో పసుపూ కొబ్బరినూనే కలిపి, గోరు నల్లబడిన వేలికి దట్టంగా పట్టించి, ఆవిడ మందుల సొరుగులోంచే గుడ్డ తీసి కట్టుకున్నాను. నర్సు ఇంట్లో నర్సుకు తెలియకుండా వైద్యం! ఆ వారం ఆమెకు రాత్రి డ్యూటీలు. నేను వచ్చేటప్పుడు ఆమె వెళ్ళేది, గుమ్మంలో తాళంచెవి అందించుకోవడమే మా సంసారం.

"ఏంది, చెయ్యి జేబులో పెట్టుకోని తిరగతాండావు?" అంది.

"చలిగా ఉంది."

"ఫిబ్రవరిలోనా?" పెర్త్‌లో ఫిబ్రవరి అంటే మన ఏప్రిల్, మే కలిపి దంచినట్టు ఉంటుంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "బస్సు పోతాది గాబట్టి బతికిపోయినావు. వచ్చినాక చెప్తా నీ కత."

మర్నాడు చేతికి గ్లవ్ తొడుక్కుని దర్జాగా పనిలోకి వెళ్ళాను. రెండు రోజులు, ఒక్క రెండు రోజులు దాస్తే చాలు, బార్బీ అయిపోతుంది, ఆ తర్వాత నాలుగైదు రోజులకు ప్రొబేషనూ అయిపోతుంది. నేను ఆలోచించనిదల్లా ఆ ఎండకు కొబ్బరినూనె ఏం చేస్తుందన్నదే. పది గంటలకల్లా నూనె, చెమట, పసుపు ఏకమై గ్లవ్ దాటి బయటికొచ్చాయి. నేను చూసుకోలేదు. ఎందుకమ్మ చూసింది. ముందు జాకీ పిడి మీద ఒక పచ్చని మరక. తర్వాత తలుపు గొళ్ళెం మీద, లోడరు మెట్ల మీద, టీ గది పంచదార డబ్బా మీద. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఒక మరకను దీక్షగా చూస్తుంటే నేనూ ఆసక్తిగా పక్కన నిలబడి చూశాను. (నిజం చెబుతున్నాను, అప్పటికీ నాకు వెలగలేదు.)

వర్క్‌షాపులో వాడే ప్రతి నూనెకూ రసాయనానికీ ఒక పట్టిక ఉంటుంది. అందులో పచ్చగా, జిడ్డుగా ఉండేది ఏదీ లేదు. ఆమె వెంటనే ఈల వేసి అందర్నీ బయటికి పంపేసి, గుమ్మానికి అడ్డంగా ఎర్రచారల టేపు కట్టించింది. లోపల ఏ పైపు కారుతోందో, అది ఒంటికి తగిలితే ఏమవుతుందో తేలేదాకా ఎవరూ లోపలికి పోకూడదంది. ఇరవైమందిమి ఎండలో వరసగా నిలబడ్డాం. గడ్డం నిండా దుమ్ముతో మా వర్క్‌షాపు బాసు (గడ్డం బాసు అందాం) అటూ ఇటూ తిరుగుతున్నాడు. అవతల క్రషరుకు బాగుచేసిన భాగం అందక అదీ ఆగిపోయింది. కొండకు కొండే నిశ్శబ్దమైపోయింది. పక్కవాడు తన అరచేతి మీది పచ్చమరక చూసుకుని "నాకు చెయ్యి మొద్దుబారుతున్నట్టుంది మేట్" అన్నాడు, భయంగా.

ఫిజీ అంకుల్ వాడి చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ వాసన చూశాడు. తర్వాత మెల్లిగా తల తిప్పి, వరసలో ఇంత ఎండలోనూ గ్లవ్ తియ్యని ఒకే ఒక్క మనిషి వైపు చూశాడు.

"ఏమిరా, దొంగ. ఇది మా అవ్వ వంటిల్లు."

నేను గ్లవ్ ఇంకాస్త పైకి లాక్కున్నాను.

"నువ్వు చెప్తావా, నేను చెప్పాలా?"

"అంకుల్, పని పోతాది."

"వాడు చెయ్యి పోతుంది అనుకుంటున్నాడు, చూడు" అన్నాడు, పక్కవాణ్ణి చూపించి.

వాడు నిజంగానే వేళ్ళు ముడిచి తెరిచి చూసుకుంటున్నాడు, మొహం పాలిపోయింది. ఇంక దాచలేకపోయాను. ముందుకెళ్ళి గ్లవ్ తీశాను. పండగనాటి గడపలా ఉంది నా చెయ్యి. ఇది పసుపు అని, వంటలో వాడతామని, దెబ్బకు మందు అని నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆ తర్వాత వెనక నుంచి ఒకడు నిజమైన జిజ్ఞాసతో అడిగాడు: "అంటే, లాటేలో వేసుకునేదా?" (పసుపు కలిపిన పాలను అక్కడి కాఫీ అంగళ్ళలో లాటే అని అమ్ముతారు.)

పావుగంట తర్వాత ఆఫీసు గదిలో ఉన్నాను. బల్లకు అవతల ఎందుకమ్మ, గడ్డం బాసు. ఇవతల నేను, నాకు తోడుగా అంకుల్.

"సుత్తి కింద వేలు ఎందుకుంది?"

"స్పానర్ పట్టుకున్నా మేడం."

"చేత్తో ఎందుకు పట్టుకున్నావు?"

"అట్లాగే నేర్చుకున్నా."

"అలా ఎందుకు నేర్పారు?"

"మేస్త్రిని అడగలేదు మేడం. ఆయన చేతిలో కూడా సుత్తి ఉండేది."

బాసు గడ్డంలో ఏదో కదిలింది. నవ్వో కాదో తెలియలేదు.

"దెబ్బ తగిలిందని ఎందుకు చెప్పలేదు?"

ఇక్కడ నా చమత్కారం అయిపోయింది. చెబితే పని పోతుందని, అన్నాను. పోతుందని ఎందుకనుకున్నావు అని ఐదో ఎందుకు వేసింది. మా షెడ్డులో ఎవరికన్నా దెబ్బ తగిలితే మేస్త్రి తనే ప్రేమగా పసుపు పెట్టేవాడనీ, మర్నాడు పొద్దున వాళ్ళ స్థానంలో ఇంకొకరు ఉండేవారనీ చెప్పాను. అట్ట మీద పరుగెడుతున్న ఆమె పెన్ను ఆగింది.

గడ్డం బాసు ముందుకు వంగాడు. "విను మేట్. వేలు చితగ్గొట్టుకున్నందుకు నిన్ను పంపను. కానీ నీ ఎడమచెయ్యి పనిచెయ్యదని ఇవాళ నీ పక్కవాడికి తెలియదు. ఏ బరువో ఇద్దరూ ఎత్తుతున్నప్పుడు నువ్వు వదిలేసుంటే, ఎవరి కాలు మీద పడేది?"

నా వేలు నా సొంత ఆస్తి అనుకున్నానే గాని, అందులో ఫిజీ అంకుల్ కాలికి కూడా వాటా ఉందని నాకు ఎప్పుడూ తట్టలేదు. ప్రొబేషను ఇంకో మూడు నెలలు పొడిగించారు. ఇంకోసారి దాస్తే మాత్రం నేనే గేటుదాకా దిగబెడతానన్నాడు బాసు. బోర్డు మీద సున్నా నా చేతే రాయించారు. బార్బీ పోయింది. నా పేరు కూడా పోయింది. ఆ మధ్యాహ్నం నుంచి ఆ క్వారీలో నన్ను లాటే అనే పిలిచారు. కానీ పని మిగిలింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే కారు రావడానికి ఇంకా టైముంది. ఎందుకమ్మ ఒక కాగితం నా ముందు పెట్టింది. దాని మీద రెండు చేతుల బొమ్మ, లోపలివైపు, బయటివైపు. దెబ్బ ఎక్కడుందో గుర్తు పెట్టమంది. పని నిలిచిందన్న ఆనందంలో ఉన్నానేమో, శ్రద్ధగా తల వంచుకుని ఉన్నవన్నీ గుర్తులు పెట్టుకుంటూ పోయాను. చూసి ఆమె బిత్తరపోయింది.

"ఇవన్నీ మంగళవారమా!"

"అయ్యో, కాదు మేడం. ఇది ఉలి జారింది. ఇది హాక్సా. ఇది ఆకురాయి మొన, పిడి ఊడి అరచేతిలోకి దిగింది. ఇది జాకీ."

కాగితం వెనక్కి తీసుకుంటుందనుకున్నాను. తీసుకోలేదు. కుర్చీ ఇటు జరుపుకుని, ఉలి ఎందుకు జారింది అని అడిగింది. ఈసారి అట్ట మీద రాసుకోవడానికి కాదు, ఊరికే, తెలుసుకోవాలని. అంకుల్ తన మణికట్టు చూపించాడు. గడ్డం బాసు గొంతు సవరించుకుని, కొన లేని తన చిటికెనవేలు బల్ల మీద పెట్టాడు. ఊళ్ళో జోస్యులు నా చేతి గీతలు చూశారుగాని, నా మచ్చలు ఒక్కొక్కటే ఆపి ఆపి చదివినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. అన్నిటికీ పనిముట్టు పేరుతో సహా కథ చెప్పుకొచ్చాను. కుడి బొటనవేలి మొదట్లో కాస్త పొడుగాటి మచ్చ దగ్గర మాత్రం ఆగిపోయాను. లోతుగానే దిగిన దెబ్బ. కుట్లు పడాల్సిందే, పడ్డట్టు లేదు.

"ఇది?" అంది.

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. 'తెలియదు' అని రాసుకుంది.

పదేళ్ళు దాటింది. ఇప్పుడు నేనూ ఫిట్టర్నే, స్పానరంటే తగుమాత్రం భయపడుతున్నాను. ఎప్పుడైనా చేతులు కడుక్కుంటూ ఆ మచ్చను చూస్తాను, ఏ పనిముట్టు అయ్యుంటుందా అని. షెడ్డులో పదహారేళ్ళ నా రూపం కనిపిస్తుంది. రక్తం కారే చెయ్యి వెనక్కి పెట్టుకుని, మేస్త్రి చూడకుండా జోకులు వేసి అందర్నీ నవ్విస్తూ ఉంటాడు. నాకూ నవ్వొస్తుంది. ఎంత పనివాడో వాడు! దెబ్బను అంత చక్కగా దాచాడు, ఆఖరికి నాక్కూడా చెప్పలేదు.