పెద్దింటి టమాటా విత్తనం

మా టమాటాకు బజారులో పేరు లేదు. ముత్తుకూరు చుట్టుపక్కల పాతకాలపు వాళ్ళు మాత్రం దాన్ని పెద్దింటి టమాటా అనేవారు. పెద్దిల్లు అంటే మాదే. ఇప్పుడు ఆ ఇల్లు లేదు. వెనుక బండ్లు నిలిపే కొట్టం, దాని ముందు ఎనిమిది సెంట్ల పెరడు మిగిలాయి. కొట్టానికి గోడలు పెట్టించి అందులో ఉంటున్నాను. పొలాలు ఎలా పోయాయని అడిగేవాళ్ళు అప్పుడప్పుడూ తగులుతుంటారు. పోయాయి అని చెబుతాను. అంతకు మించి చెప్పడం నాకు అలవాటు లేదు.

టమాటా మాత్రం పోలేదు. మా ముత్తాత ఎక్కడి నుంచో తెచ్చిన విత్తనం అది. కాయ బల్లపరుపుగా, చిన్న గుమ్మడికాయలా గాడులు పడి ఉంటుంది. ఎంత పండినా తొడిమ చుట్టూ ఆకుపచ్చ రంగు పోదు. తోలు పలచన, పులుపు ఎక్కువ. చేపల పులుసులో నాలుగు పండ్లు పిసికి వేస్తే చింతపండు సగం చాలు. నాలుగు తరాలుగా మేము టమాటా విత్తనం కొనలేదు. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెరుగుతుందని తెలిసినవాళ్ళు అంటారు. పెరగనీ.

ఈ సముద్రపు గాలిలో టమాటా పండించడం తేలిక కాదు. ఉక్కకు ఆకు మీద మచ్చ తేలుతుంది. బోరు నీళ్ళు ఉప్పన. ఎండ ముదిరితే పూత నిలవదు, పొద్దున పూసింది సాయంత్రానికి రాలి మట్టిలో ఉంటుంది. కార్తీకం వానలు తెరిపి ఇచ్చాక నారు పోసి, పుష్యంలో నాటి, చైత్రం ఎండలు రాకముందే కాపు తీసుకోవాలి. నీళ్ళు నిలవకుండా మట్టి మోకాలెత్తు పోస్తాను. మొదళ్ళ చుట్టూ సరుగుడు తోపులో రాలిన ఆకు పరుస్తాను. తెల్లవారాక చెంబుతో మొదట్లోనే నీళ్ళు పోస్తాను, ఆకు తడవనివ్వను. ఇదంతా మా అమ్మ నేర్పిన పని. ఆమె పట్టుచీర కట్టిన రోజుల్లో కూడా టమాటా మొక్కలకు పనిమనిషి చేత నీళ్ళు పోయించలేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కాపులో మేలైన కాయలన్నీ బుట్టల్లో పేర్చి ఊళ్ళోకి పంపాలి. వైద్యుడింటికి ఒక బుట్ట, బడి పంతులింటికి ఒకటి, మూడు తరాలుగా మా బట్టలు కుట్టిన సాయబుల ఇంటికి ఒకటి. పగిలినవి, పిట్ట పొడిచినవి, చివరి కాపులో వచ్చే గిడస కాయలు మేము తినేవాళ్ళం. పొలాలు పోయాక కూడా ఆ బుట్టలు ఆగలేదు. నేనే సైకిలుకు కట్టుకుని తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. బుట్ట దించేటప్పుడు నా తల ఎంత ఎత్తులో ఉండేదో నాకు తెలుసు.

కానీ ఏడాదికేడాదికీ కాయ చిన్నదవుతూ వచ్చింది. కరెంటు ఫ్యాక్టరీ బూడిద అన్నాను. పోర్టుకు పోయే లారీల దుమ్ము అన్నాను. బోరులో ఉప్పు పెరిగిందన్నాను. ఒకరింటికి పంపడానికి తగిన కాయ లేక బుట్టలు పంపడమూ మానుకున్నాను. రెండేళ్ళ క్రితం నాటిన మొక్కలకు వడలు తెగులు పట్టింది. పొద్దున పచ్చగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి తల వేలాడేసేది, మర్నాటికి లేదు. నలభైలో మూడు మిగిలాయి. వాటికి కాసినవి నిమ్మకాయలంత, గాడులు కూడా సరిగా లేవు. ఇక ఈ విత్తనం నాతో ఆగిపోతుందని ఆ రోజే అర్థమైంది. ఇల్లు పోయినప్పుడు కూడా నేను కూర్చుండిపోలేదు. ఆ రోజు గట్టు మీద కూర్చున్నాను.

వారానికి రెండుసార్లు మోపెడ్ మీద చేపలు తెచ్చే ఆమె అప్పుడే వచ్చింది. అరుగు మీద ఆరబెట్టిన కాయల్ని చూసింది.

"ఏంది సామీ, ఈసారి నిమ్మకాయలు యేసినావా?"

"టమాటాలు. మా ఇంటివి."

"మీ ఇంటియా ఇయ్యి? మీ ఇంటి కాయలు మొన్న టైలరమ్మ మిద్ది మీద చూసినా నేను. ఒక్కోటి ఇంతింత ఉండాయి." రెండు చేతులూ కలిపి దోసిలి చూపించింది. "గాడులు గాడులుగా, చూస్తే కళ్ళు చెదిరిపోతాయి."

"ఆమెకు మా కాయలు ఎక్కడివి?"

"నన్నడిగితే ఏం జెప్పేది? చేపల సంగతి అడుగు, జెప్తా. చందువా ఉండాది, తీసుకుంటావా, నీళ్ళు జల్లుకోని ఎళ్ళిపోనా?"

టైలరమ్మ అంటే మా బట్టలు కుట్టిన సాయబు భార్య. ఆయన పోయి చాలా కాలమైంది. ఆమెకు డెబ్బై దాటాయి, ఇంకా కాజాలు కుడుతుంది. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. వట్టి చేతులతో ఒకరి గడప తొక్కడం మాకు లేదు కనుక, ఉన్నవాటిలో మంచివి మూడు కాయలు రుమాలులో కట్టుకున్నాను.

ఆమె రుమాలు విప్పి చూసి, కాయల్ని పళ్ళెంలో పెట్టింది. "రా చిన్నయ్యా" అని మిద్దె మీదికి తీసుకెళ్ళింది. అరవై దాటిన నన్ను ఇంకా చిన్నయ్య అనే మనిషి ఆమె ఒక్కతే. పైన పాత పెయింటు డబ్బాల్లో పదహారు మొక్కలు. ఎండ తగలకుండా లైనింగు గుడ్డ పందిరిలా కట్టి ఉంది. ప్రతి మొక్కకూ గాడులు పడిన, బరువైన, తొడిమ దగ్గర ఆకుపచ్చగా ఉన్న కాయలు. నా చిన్నతనంలో బుట్టల్లో చూసిన కాయలు. ఒక కాయ కాడకు ఎర్ర పేలిక ముడి వేసి ఉంది.

"ఎక్కడివి?" అన్నాను.

"మీ అమ్మగారు పంపినయ్యే. నేను కాపరానికొచ్చిన ఏడు బుట్టలో వచ్చినాయి. అందరికన్నా పెద్దదాన్ని మా అత్త కొయ్యనియ్యలా, విత్తనానికి దాచింది. అప్పుట్నించి అంతే. ముందు కాపులో పెద్దదానికి పేలిక గడతాను. దాన్ని నా మనవరాలు గూడా ముట్టుకోదు." నా వైపు తిరిగింది. "మీరు దేన్ని పెట్టేవాళ్ళు విత్తనానికి?"

"ఇవ్వగా మిగిలినవాటిని."

ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మంచియ్యన్నీ మాకు పెట్టి పగిలినయ్యి మీరు దాచుకున్నారా? బట్టంతా ఊరికి కత్తిరించిచ్చి, పేలికల్తో చొక్కా కుట్టుకున్నట్టుండాదే. ఎంత దొరలయ్యా మీరు."

కోపం రావాలి. రాలేదు. బూడిదా కాదు, దుమ్మూ కాదు. ఇన్నేళ్ళూ మా ఇంట్లో ప్రతి ఏడూ మేమే అన్నిటికన్నా చెడ్డ కాయను ఏరి, దాన్నే మళ్ళీ మట్టిలో పెట్టాం. మా అమ్మ పెట్టింది, నేను పెట్టాను. ఎంతో శ్రద్ధగా పెట్టాం.

"విత్తనం ఇవ్వు" అన్నాను.

"అది అడగడమా? పురమాయించడం. పండక్కి పది చొక్కాలు కుట్టు అన్నట్టుండాది." పక్కనున్న డబ్బా మీద కూర్చుంది. తొందరేమీ లేనట్టు మోకాళ్ళు పట్టుకుంది. "మీ ఇంటికి మా మామ పోయినాడు, మా ఇంటాయన పోయినాడు. ఎప్పుడు పోయినా చేతులు గట్టుకోని నిలబడి అడిగినారు. మీ ఇంటోళ్ళు మా ఇంటికొచ్చి ఒక మాట అడిగింది నేనెప్పుడూ ఇనలా. ఇందామని ఉండాది."

కింద రోడ్డు మీద లారీ ఒకటి వెళ్ళింది. నేను దిగి వెళ్ళిపోవచ్చు. మా నాన్న అయితే దిగి వెళ్ళేవాడు. మా తాతయితే అసలు ఆ మెట్లు ఎక్కేవాడు కాదు. నేను ఆ కాయ వంక చూశాను.

"నాకు విత్తనం లేకుండా పోయింది. నీ దగ్గరున్నది కొంచెం ఇస్తావా, అక్కా?"

ఏమీ కూలిపోలేదు. ఆమె లేచి, పేలిక కట్టిన కాయనే కోసింది. వేరేదైనా ఇస్తుందేమో అనుకున్నాను. "నా కాడ పోయినేటి విత్తనం ఉండాదిలే" అంది. కిందికి వచ్చి దాన్ని అడ్డంగా కోసి, గింజల్ని చెంచాతో బూడిదలోకి తీసింది, వేళ్ళతో కలిపి గుడ్డ ముక్క మీద పరిచింది. కండను పొయ్యి మీద ఉన్న పులుసులో వేసేసింది. నేను తెచ్చిన మూడు కాయలూ పళ్ళెంలో అలాగే ఉన్నాయి.

"ఇయ్యేం జేసేది?"

"నీ ఇష్టం" అన్నాను.

"పచ్చడి జేస్తాలే. మీ ఇంటి బుట్టొచ్చి శానా రోజులైంది."

ఆ కార్తీకంలో ఇరవై గింజలు వేస్తే పద్దెనిమిది మొలిచాయి. వడలు తెగులుతో మొక్కలు చచ్చిన మట్టంతా తీసేసి కొత్త మట్టి పోశాను. రెండు మొక్కలు పోయాయి, పదహారు నిలిచాయి. ఫిబ్రవరిలో మొదటి గెలలో ఒక కాయ మిగిలినవాటిని దాటిపోయింది. నా పాత పంచె అంచు చింపి దాని కాడకు కట్టాను. కాపు ముగిసేలోగా ఐదు బుట్టలు ఊళ్ళోకి వెళ్ళాయి. మొదటిది టైలరమ్మకు, అది నేనే సైకిలు మీద పట్టుకెళ్ళాను.

చేపలామె ఆ పంచె అంచు కట్టిన కాయ మీదే కన్నేసింది.

"అదొక్కటియ్యి సామీ. రెండు చందువాలు ఊరికే పెడతా."

"అది ఇచ్చేది కాదు."

"మీ ఇంట్లో ఇయ్యం అనే మాట గూడా ఉండాదా?"

"ఇప్పుడు ఉంది. విత్తనం కావాలంటే అడుగు. దేన్ని దాచుకోవాలో కూడా చెప్పి ఇస్తాను."

"అడగతాలే" అని మోపెడ్ ఎక్కింది. నెల తిరక్కుండా వచ్చి అడిగింది. ఆమెతో కలిపి ఇప్పటికి ఏడిళ్ళలో ఉంది మా విత్తనం.

ఆ కాయ చేతికి మెత్తబడ్డాక ఒక ఉదయం పెరట్లోనే నిలబడి కోశాను. గింజల్ని గ్లాసులోకి జార్చాను. కండ అరచేతిలో మిగిలింది, ఎర్రగా, అంచున పచ్చగా. గింజల్ని జాగ్రత్త చేయడమే తప్ప ఆ కండను ఏం చేయాలో ఆలోచించలేదు. లోపలికి వెళ్ళి ఉప్పు తెచ్చి అద్దుకుని తిన్నాను. ముందు పులుపు తగిలింది, ఆ వెనుక తీపి. పులుపు నాకు తెలిసిందే. ఆ తీపి నేను ఎన్నడూ ఎరగను. మా ముత్తాత గానీ, తాత గానీ, అమ్మ గానీ తమ టమాటాలో మేలైన కాయను నోట పెట్టుకోలేదు. నాలుగు తరాలూ ఊరికి ఏం పంపారో నాకు అరవై మూడో ఏట తెలిసింది. గొప్ప కాయ అది. రెండో ముక్కకు ఉప్పు అద్దుకోలేదు.