గొర్రెలు దిద్దిన దారి

మార్కాపురం శివారులో మా కాలనీ పెరిగేకొద్దీ, నడకకు వెళ్ళేవాళ్ళకూ సైకిలు తొక్కేవాళ్ళకూ లారీల బెడద లేని దారి ఒకటి కావాలనుకున్నాం. లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణని ఆ పని నాకు అప్పగించారు. రెండు రోజులు కాగితం మీద కుస్తీపట్టి, మూడో రోజు ఉదయం బకెట్‌ సున్నంతో బయలుదేరాను. కాలనీ గేటు నుంచి కాలేజీ దాకా, ఖాళీ ప్లాట్ల మీదుగా ఒక్క వంకర లేకుండా తెల్లటి గీత వేశాను. చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

అంతలో ఒక అవ్వ గొర్రెల మందను తోలుకుంటూ వచ్చింది.

“ఏంది నాయనా, ఈ ముగ్గు?” అని అడిగింది.

“ముగ్గు కాదవ్వా, మనుషులు నడిచేదానికి దారి.”

ఆమె గీత పొడవునా చూసి, “నువ్వు గీసింది వంకలో పోతాంది. వానొస్తే మోకాటి లోతు నీళ్ళు. మా గొర్రెలు కూడా అట్ల పోవు,” అంది.

నిజంగానే మంద నా గీతను తొక్కేసి, పలకరాళ్ళ గుట్ట చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. నాకు రోషం వచ్చింది. ఎండిపోయిన ఆ పల్లం వంకలా కనిపించనే లేదు.

ఆ వారమే వాన పడి నా గీత సగం కొట్టుకుపోయింది. మర్నాడు నేను బకెట్‌ పట్టుకుని గొర్రెల వెనకే నడిచి, అవి పోయినట్టల్లా సున్నం పోశాను.

“భలే ప్లాన్ చేసినారు సార్, చుక్క నీళ్ళు నిలబడలేదు,” అని తర్వాతి వానకు కాలనీవాళ్ళు మెచ్చుకున్నారు. నేను కాదనలేదు. పెంటికలు చూసుకుని నడవమని మాత్రం చెప్పాను.