చివరి సైకిలు మీది మనిషి

ఆ దుకాణంలో ముప్పై సైకిళ్లున్నాయి. ఏది ఎక్కడ కిర్రుమంటుందో మెకానిక్‌కు కళ్లు మూసుకున్నా తెలుసు. ఆయన్ని చిన్నా పెద్దా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. పదకొండేళ్లుగా ఆయన పని ఒక్కటే. ఊరు చూడవచ్చినవాళ్లు ఆ సైకిళ్లెక్కి గైడు వెనక వరసగా బయలుదేరితే, అందరికంటే చివర తన పాత సైకిలు మీద పోవడం. ఎవరి గొలుసు ఊడినా, ఎవరి చక్రంలో గాలి దిగినా అక్కడికక్కడే సరిచేసి మళ్లీ వరసలో కలపడం. ముందు గైడు సముద్రాన్నీ ఓడరేవునూ చూపిస్తుంటే, వెనక బాబాయ్ చూసేది చక్రాలను.

వచ్చే నెల గాలి అక్కర్లేని టైర్లతో కొత్త సైకిళ్లు వస్తున్నాయి. వాటి మరమ్మతు కంపెనీవాళ్లే చూసుకుంటారు, బాబాయ్‌కి ఇక పనుండదు. దుకాణం యజమానురాలు ఆ మాట తల వంచుకుని చెప్పింది. ఆమె చెడ్డ మనిషి కాదు. గైడు కాలు బెణికి మంచమెక్కగానే బాబాయ్‌కే కబురు చేసింది.

"రేపు నువ్వే తీసుకెళ్లు బాబాయ్. వచ్చినవాళ్లు బాగుందంటే రెండో గైడుగా ఉండిపోదువు గాని. పన్నెండుకి మ్యూజియం మూసేస్తారు, అదొక్కటి మర్చిపోకు."

ఆ సాయంత్రం బాబాయ్ గైడు రాసిచ్చిన కాగితం పట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు. లైట్‌హౌస్ ఎత్తు, మెట్ల లెక్క, కట్టిన సంవత్సరం పైకి చదివాడు.

"చరిత్ర చెప్తున్నావా, ఫోన్ నంబరు చదువుతున్నావా?" అంది భార్య గిన్నెలు తోముతూ. "వినేవాళ్లు నిద్రపోతారు."

"నిద్రపోతే సైకిలు మీంచి పడతారు. పడితే నాకు తెలిసిన పనే."

మర్నాడు ఆరుగురు వచ్చారు. రిటైరైన లెక్కల టీచరమ్మ, ఒక బ్యాంకు మేనేజరు, కొత్తగా పెళ్లైన జంట, కాలేజీలో చదివే అక్కాచెల్లెళ్లు. బీచ్ రోడ్డు మీద బాబాయ్ అందరికంటే ముందు తొక్కాడు. లైట్‌హౌస్ దగ్గర మెట్ల లెక్క చెప్పి సంవత్సరం మర్చిపోయాడు. మేనేజరు ఆ పక్కనే ఉన్న పలకమీద చదివి ఆయనకే చెప్పాడు. బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి.

అక్కణ్ణుంచి కదిలాక వెనక ఎక్కడో టక్కు టక్కుమని చప్పుడు. పెడల్ వదులైంది. ఎవరిదో తెలుసుకుందామని బాబాయ్ కాస్త నెమ్మదించాడు. టీచరమ్మ దాటింది, మేనేజరు దాటాడు, జంట దాటింది, అక్క దాటింది. చప్పుడు చెల్లెలిది. ఆమె వెనక చేరగానే బాబాయ్ ప్రాణం కుదుటపడింది. లైట్‌హౌస్ దగ్గర పోయిన ఊపిరి తిరిగొచ్చినట్టయింది. ఆ టక్కుటక్కు వింటూ, ఏ పానా పడుతుందో లెక్క వేసుకుంటూ హాయిగా తొక్కాడు.

ముందున్న టీచరమ్మ, తప్పు దారైతే బాబాయ్ వెనకనుంచి చెప్తాడు కదా అని, రోడ్డు ఎటు తిరిగితే అటు పోయింది. కుడికి తిరగాల్సిన చోట ఎడమకు తిరిగింది. అందరూ ఆగేసరికి ఎదురుగా ఐసు ఫ్యాక్టరీ గేటు ఉంది. గేటు పక్క గడియారంలో పన్నెండుకు పది నిమిషాలు. మ్యూజియం రేవుకు ఆ కొసన ఉంది.

"ఏంటి బాబాయ్, పెళ్లివారిని తెచ్చావా?" అన్నాడు గేటు దగ్గర ఐసు దిమ్మలు తోస్తున్న మనిషి.

"మ్యూజియం ఇదేనా?" అన్నాడు మేనేజరు.

బాబాయ్ సైకిలు దిగాడు. కాగితంలో దీనికి జవాబు లేదు.

"తప్పు నాదేనండీ. పదకొండేళ్లుగా వెనకే వస్తాను. తెలీకుండానే వెనక్కెళ్లిపోయాను."

"నాకు దారి తెలీదు, మీకు తెలుసు. అయినా నా వెనకొచ్చారా?" అంది టీచరమ్మ.

"మీ వెనక కాదండీ. ఈ అమ్మాయి పెడల్ వెనక."

చెల్లెలు పక్కున నవ్వింది. బాబాయ్ అక్కడే గొంతుక్కూర్చుని పెడల్ బిగించాడు. చేతిలో పానా ఉంటే ఆయనకు మాట తడబడదు. ఊళ్లో అన్నిటికంటే ముందు ఈ వీధి సైకిళ్ల గొలుసులే ఎందుకు తుప్పుపడతాయో చెప్పాడు. గాలి ఎటు మళ్లితే పడవలు ఎప్పుడొస్తాయో, చేపలకోసం తెల్లారేసరికి ఎన్ని దిమ్మలు రేవుకు జారాలో చెప్పాడు. ఐసు మనిషి అక్కాచెల్లెళ్లను లోపలికి పిలిచి దిమ్మ మీద చెయ్యి వేయించాడు. వాళ్లు మ్యూజియం చేరేసరికి తలుపుకు తాళం వేలాడుతోంది.

తిరిగి దుకాణానికి చేరాక, ఊరు చూడటం ఎలా ఉందని యజమానురాలు అడిగింది.

"బోర్డుమీద రాసిందొకటి, చూపించిందొకటి," అన్నాడు మేనేజరు. అది నిజమే.

టీచరమ్మ హెల్మెట్ తీసి బల్లమీద పెట్టింది. "మ్యూజియం చూపించలేదు, మార్కులు తీసేయాల్సిందే. పదికి ఆరు. మా బళ్లో అయిదొస్తే పాసు."

యజమానురాలు బుకింగు పుస్తకం తిరగేసింది. "వచ్చే ఆదివారం ఇంకొక్కసారి చూద్దాం బాబాయ్. ముందుండగలవా?"

బాబాయ్ దుకాణం మూలకెళ్లాడు. పాత సామాను డబ్బా వెతికి, అంచు పగిలిన అద్దమొకటి తీసి తన సైకిలు హ్యాండిల్‌కు బిగించాడు. సీటుమీద కూర్చుని చూస్తే వెనక నిలబడ్డ టీచరమ్మ మొహం కనిపించింది.

అద్దాన్ని ఇంకాస్త కిందికి వంచాడు. ఇప్పుడు చక్రాలు కనిపించాయి.

"ఉంటానండీ," అన్నాడు.