మా వారు చంపిన కుక్క

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక మా సందులో మా వారిని ఏళ్ళ తరబడి ‘లెక్కల సారు’ అనేవారు. లక్డీకాపూల్లో సర్కారీ ఆఫీసులో అకౌంట్లు చూసి రిటైరైన మనిషి కాబట్టి ఆ పేరు. పోయిన వేసవిలో అది కాస్తా పోయి ‘కుక్కను చంపినాయన’ అయ్యారు. ఆయన చీమకు కూడా హాని చెయ్యరని గొప్పలు చెప్పను. బొద్దింక కనబడితే ఆయన చేతిలో చెప్పు ఆగదు. కానీ కుక్కను మాత్రం చంపలేదు.

ముందు ఆ కుక్క సంగతి చెప్పాలి. మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఒకావిడ ఉంది. తరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న కుటుంబం, నాంపల్లిలో బట్టల దుకాణం ఉంది వాళ్ళకి. ఆవిడకి ఏలినాటి శని పట్టిందనీ, ప్రతి శనివారం నల్ల కుక్కకి ఆవనూనె రాసిన రొట్టె పెడితే శని శాంతిస్తాడనీ పంతులుగారు చెప్పారు. మా సందులో ఉన్న కుక్కలన్నీ మట్టిరంగువే. ఆవిడ బెంగ పెట్టుకుంది. కొన్నాళ్ళకి ఒక శనివారం పొద్దున్న చూస్తే మా గేటు ముందు నిగనిగలాడే నల్ల కుక్క కూర్చుని ఉంది. కోరగానే వచ్చింది కాబట్టి దీన్ని కాలభైరవుడే పంపాడని ఆవిడ తేల్చేసింది.

పక్కింటివాళ్ళకి శని ఉందని తెలిశాక మనకి లేదంటే నామోషీగా ఉంటుంది. నెల తిరిగేసరికి అపార్ట్‌మెంటులో సగం మందికి శని పట్టింది. శనివారం పొద్దున్న గేటు దగ్గర రొట్టెలతో క్యూ. కుక్కని కుక్క అనేవాళ్ళు లేరు, అందరూ ‘స్వామి’ అనేవారు. దాన్ని నిమిరితే చేతికి కాస్త నలుపు అంటేది. అది స్వామి మహిమ అనుకుని పసిపిల్లల బుగ్గన దిష్టిచుక్క పెట్టారు. నేనూ మా మనవరాలికి పెట్టాను. అందరూ పెడుతుంటే మనం మానేసి, రేపు పిల్లకి జ్వరమొస్తే ఎవరికి సమాధానం చెప్తాం?

మా వారికీ ఆ స్వామికీ మాత్రం పడలేదు. కొత్త చెప్పుల్లో ఒకదాన్ని నమిలేసింది. రెండూ నమిలినా అంత బాధ ఉండేది కాదు, ఒకటి మిగలడంతో ఆయనకి మండిపోయింది. సరిగ్గా శనివారం నాడు, రొట్టెల క్యూ మధ్య నిలబడి, ‘దీన్ని ఎప్పటికైనా నా చేత్తోనే చంపుతాను’ అన్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

వేసవి వచ్చింది. రెండో అంతస్తు ఆవిడ భర్తకి కంటి ఆపరేషన్ అయింది. ఆయన మా వారికి ప్రాణస్నేహితుడు. నలభై ఏళ్ళుగా పొద్దున్నే ఇద్దరూ నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కి నడిచి వెళ్ళి, ఒక టీని రెండు సాసర్లలో పోసుకుని తాగుతారు. ఇక్కడి దుమ్ము కంట్లో పడకూడదని కూతురు ఆయన్ని హిమాయత్‌నగర్లో తన ఇంటికి తీసుకెళ్ళింది. అదే సమయంలో స్వామి రంగు తగ్గడం మొదలైంది. వీపు మీద ఎర్రబారింది.

‘ఎండ దెబ్బ తగిలింది వదినె, జర మజ్జిగ పోయాలె’ అంది ఆవిడ నాతో. మజ్జిగ పోశారు. సబ్జా నీళ్ళు పోశారు. రంగు ఇంకా తగ్గింది. తర్వాత ఒక పొద్దున్న స్వామి కనపడలేదు.

అదే పొద్దున్న మా వారు గోనెసంచి భుజాన వేసుకుని చెత్తకుండీ వైపు వెళ్ళారు. అందులో ఉన్నది పాడైపోయిన మా పరుపు దూది. పట్టపగలు పరుపు బయటికి వస్తే ఇంట్లో ఎవరో పోయారని అర్థం. పలకరించడానికి జనం వచ్చేస్తారు. అందుకని తెల్లారకముందే పారేసి రమ్మని నేనే పంపాను. వాచ్‌మన్ చూశాడు.

‘సారు పొద్దుగాల్నే సంచి మోసుకపోయిండమ్మా. మంచి బరువున్నట్టుండె’ అని అతను రెండో అంతస్తు ఆవిడకి చెప్పాడు. ఆవిడ నాలుగో అంతస్తుకి చెప్పింది. మధ్యాహ్నానికి సంచిలోంచి తోక బయటికి వేలాడుతోంది. సాయంత్రానికి రక్తం కారుతోంది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే జనం మా అపార్ట్‌మెంటు నిండా ఉన్నారు.

ఆవిడ మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడింది. ‘ఏం జేసిన్రు మా స్వామిని?’ అని అడిగింది.

‘అది పరుపు దూదమ్మా’ అన్నారు మా వారు.

‘పరుపెందుకు పారేసిన్రు? ఎవలు పోయిన్రు?’

ఎవరూ పోలేదంటే, మరి పరుపెందుకు పారేస్తారు అంది. పరుపు కాకపోతే స్వామే కదా అని లెక్కల సారుకే లెక్క తేల్చింది. ‘మీ ఆంధ్రోళ్ళకు భైరవుని విలువ ఏం తెలుస్తది’ అని కూడా అంది. మా వారు ఇదే ఊళ్ళో పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడే ముసలివారైన మనిషి. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఆవిడ పెట్టిన మామిడికాయ పచ్చడి డబ్బా ఇంకా మా వంటింట్లోనే ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను.

మర్నాడు మా వారు టీకి వెళ్ళారు. అదే బల్ల దగ్గర రోజూ కూర్చునే ఇంకో ఇద్దరు పరిచయస్తులు ఆయన్ని చూడగానే పనులు గుర్తొచ్చి లేచిపోయారు. ఆయన టీ తాగకుండానే తిరిగొచ్చారు. ఆ రోజు నుంచీ ఇంట్లోనే తాగడం మొదలుపెట్టారు. పెళ్ళయినప్పటి నుంచీ నా టీకి ఆయన వంక పెట్టని రోజు లేదు. ఇప్పుడు బాగుందన్నారు. నాకు నిజంగా భయం వేసింది.

మెట్ల మీద ఎవరైనా ఎదురైతే పక్కకి తప్పుకునేవారు. కూరలకి నన్ను పంపేవారు. ఉద్యోగంలో పైసా ముట్టని మనిషి, పేరు తప్ప ఏమీ కూడబెట్టుకోలేదు. ఒక్క చెప్పు కోసం నోరు జారి ఆ పేరు కాస్తా పోగొట్టుకున్నానని ఆయన కుమిలిపోయారు.

కొన్నాళ్ళకి గేటు దగ్గరికి ఒక మట్టిరంగు కుక్క వచ్చింది. చెవి కొస కత్తిరించి ఉంది. వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే మునిసిపాలిటీ వ్యాన్ వాళ్ళు వదిలేముందు అలా గుర్తు పెడతారు. వచ్చీ రావడంతోనే స్వామి కూర్చునే చోటే కూర్చుంది. శనివారం నాడు స్వామి రొట్టెకి వచ్చే వేళకే మెట్లెక్కి రెండో అంతస్తుకి వెళ్ళింది. ఆవిడ చీపురు తిరగేసింది. ఇదెవరో అఫ్జల్‌గంజ్ రౌడీ కుక్క అనీ, స్వామిని కరిచి చంపి ఆ జాగా కబ్జా పెట్టడానికి వచ్చిందనీ జనం అనుకున్నారు. హంతకులు ఇద్దరయ్యారు. దాన్ని మా వారే తెప్పించారని ఇంకో మాట పుట్టింది.

ఆయన మాత్రం మా గుమ్మంలోంచి, మెట్ల మీద ఉన్న దాన్ని చూసి, ‘ఇది ఆ కుక్కే’ అన్నారు.

‘మీకు మతి పోయింది. అది నలుపు, ఇది మట్టిరంగు’ అన్నాను.

‘రంగు సంగతి నాకు తెలీదు. నా కాళ్ళకేసి ఎలా చూస్తోందో చూడు. అదే చూపు.’

రోజూ రొట్టెలు పెట్టి దండాలు పెట్టిన వాళ్ళెవరూ దాని మొహం చూడలేదు. పగబట్టిన ఆయనొక్కరే చూశారు. కానీ కుక్క బతికే ఉందని హంతకుడే చెప్తే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేదు.

ఒక ఆదివారం పొద్దున్న ఇద్దరం డాబా మీద వడియాలు పెడుతున్నాం. రెండో అంతస్తు ఆయన నల్ల కళ్ళద్దాలతో పైకి వచ్చాడు. ముందురోజే కూతురింటి నుంచి తిరిగొచ్చాడు. మమ్మల్ని చూసి తడబడ్డాడు. జుట్టు కుదుళ్ళ దగ్గర తెల్లబడి ఉంది. నీళ్ళ ట్యాంకు పక్కన పీట వేసుకుని, స్టీలు గిన్నెలో డై కలపడం మొదలుపెట్టాడు. గిన్నెలో చెంచా చప్పుడు విని ఆ మట్టిరంగు కుక్క మెట్లెక్కి వచ్చింది. ఆయన ముందు బుద్ధిగా కూర్చుంది. గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుని, మంగలి షాపులో ఖాతాదారులా మెడ చాపింది.

మేం దాన్ని చూశాం. ఆయన మమ్మల్ని చూశాడు. గిన్నె దాచడానికి చోటు లేదు.

‘ఏం జెయ్యాలె భాయ్’ అన్నాడు చివరికి. ‘నల్ల కుక్క కోసం అఫ్జల్‌గంజ్ దాంక తిరిగిన. ఒకటి దొరికింది గని, పట్టుకుందమంటె కరిసింది. ఇది మంచిది, కరవది. నాకు కలిపినంక మిగిలిన దాంట్ల జర బొగ్గుపొడి, కొబ్బరినూనె కలిపి పూసేటోణ్ణి.’

శుక్రవారం శుక్రవారం పూసేవాడట. ఆయన లేనప్పుడు రంగు దిగింది. వ్యాన్ వాళ్ళు తీసుకెళ్ళి మందునీళ్ళతో కడిగేసరికి మిగిలింది కూడా పోయింది. దిష్టిచుక్కగా మా మనవరాలి బుగ్గన పెట్టింది బొగ్గన్నమాట.

‘నన్నేమంటున్నారో నీకు తెలుసా?’ అని అడిగారు మా వారు.

‘తెల్సు. అంటున్నది మా ఆమెనే గద.’ ఆయన తల దించుకున్నాడు. ‘చెప్పేందుకు ధైర్యమొస్తలేదు యార్. మళ్ళ నల్లగ జేస్త. స్వామి తిరిగొచ్చిందంటరు, నీ పేరు సాఫ్ అయితది.’

‘కుక్కకి మసి పూసి నా పేరు తెల్లగా చెయ్యక్కర్లేదు. నిజం చెప్పు, చాలు’ అని మా వారు కిందికి వచ్చేశారు.

ఆయన చెప్పలేదు. రోజులు గడిచాయి. నేను రెండో అంతస్తుకి వెళ్ళి కడిగేస్తానంటే మా వారు తలుపుకి అడ్డం నిలబడ్డారు. ‘వాడు చెప్పాలి. నువ్వు చెప్తే మొగుణ్ణి వెనకేసుకొచ్చావంటారు’ అన్నారు. ఆ స్నేహితుడి మీద నాకెంత కోపం వచ్చిందంటే, వడియాలు వాళ్ళకి పంపడం మానేశాను.

ఈలోగా ఆవిడ పంతులుగారిని మళ్ళీ అడిగింది. చంపినవాడు భైరవుడి పటం ముందు నలుగురిలో తప్పు ఒప్పుకుంటే ఇంకో నల్ల కుక్క వస్తుందన్నారు ఆయన. శనివారం గేటు దగ్గర పటం పెట్టి, మా వారిని పిలిచారు. వెళ్ళరనుకున్నాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు.

‘చెయ్యని పనికి చెంపలేసుకుంటారా?’ అన్నాను.

‘ఒక్క మాటతో ఈ గోల వదులుతుంది. నేను అలిసిపోయానే’ అన్నారు.

అపార్ట్‌మెంటంతా గేటు దగ్గరే ఉంది. స్నేహితుడు నల్ల కళ్ళద్దాలతో వెనక నిలబడ్డాడు. మట్టిరంగు కుక్కని వాచ్‌మన్ కర్రతో గోడవతలికి తోలాడు. మా వారు పటం ముందు చేతులు జోడించి, ‘నేనే...’ అన్నారు.

‘ఆపు భాయ్’ అంటూ ఆయన జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. ‘కుక్క చావలేదు. గాడ గోడవతల ఉన్నదే గా కుక్క. నేను రంగేసిన.’

ఎవరూ నమ్మలేదు. దోస్తు కోసం అబద్ధమాడుతున్నాడన్నారు. ఆయన ఇంట్లోకెళ్ళి స్టీలు గిన్నె తెచ్చి, అక్కడే గట్టు మీద కూర్చుని చెంచా తిప్పాడు. కుక్క గోడ పక్కనుంచి వచ్చి, అందరి కాళ్ళ మధ్యలోంచి దూరి, ఆయన ముందు కూర్చుని గడ్డం పైకెత్తింది.

ఆవిడ కుక్కని చూసింది. చేతిలో రొట్టెని చూసింది. మొగుడి నెత్తి చూసింది. ‘ఏలినాటి శని ఏడున్నరేండ్లకు పోతదంట. గీ శని నా పెండ్లి నాడు పట్టింది’ అని రొట్టెని కుక్క ముందు పడేసి పైకి వెళ్ళిపోయింది.

అందరూ నవ్వారు. తర్వాత అసలు చర్చ మొదలైంది. ఇన్నాళ్ళూ పెట్టిన రొట్టెల ఫలితం దక్కుతుందా లేదా? సంకల్పం నల్ల కుక్కకే కాబట్టి దక్కుతుందని పంతులుగారు ఫోన్లో చెప్పారు. అయితే ఇకముందు కూడా రంగు వేయించడమే మంచిదని కొందరు, తెలిసి వేస్తే దోషమని కొందరు. మా వారు పటం ముందు అలాగే నిలబడి ఉన్నారు. ఒక్కరూ క్షమించమనలేదు. నాలుగో అంతస్తు ఆయన వెళ్తూ వెళ్తూ, ‘పోనీయుండ్రి సార్, చంపలేదు గద’ అని భుజం తట్టాడు. తనే క్షమించినట్టు.

మళ్ళీ ఇద్దరు స్నేహితులూ టీకి వెళ్తున్నారు. ఆవిడ మళ్ళీ నన్ను వదినె అంటోంది. కుక్క మట్టిరంగుతోనే గేటు దగ్గర ఉంటోంది.

నిన్న మా ఇంటికి కొరియర్ వచ్చింది. గేటు దగ్గర ఆ మనిషి వాచ్‌మన్‌ని, ‘గా కుక్కను చంపిన సారు ఇల్లేది?’ అని అడిగాడట. కుక్క వాచ్‌మన్ కాళ్ళ దగ్గరే పడుకుని ఉంది. ఆ శనివారం అంతా కళ్ళారా చూసిన వాచ్‌మన్, ‘మూడో అంతస్తు, ఎడమ దిక్కు’ అని చెప్పాడు. వెనకాలే పాల ప్యాకెట్టుతో వస్తున్న మా వారు విన్నారు. సంతకం పెట్టి కవరు తీసుకుని పైకొచ్చారు.

జరిగింది చెప్తే నేను పడీ పడీ నవ్వాను. ఆయన కూడా కాస్త నవ్వారు. పాల ప్యాకెట్టు గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కుంటూ అన్నారు:

‘కుక్కకేసిన రంగు ఒక్క కడుగుడికి పోయింది. నాకేసింది ఎన్ని నీళ్ళు పోస్తే పోతుందే?’